సెలవులు నిండుగా గడవాలంటే

మా ఊరు మంచాల హైదరాబాద్‌కు దగ్గర. అందుకే రెండు రోజులు సెలవు దొరికినా పిల్లలు ఊరికి వచ్చేస్తారు. మనసు నిండి తిరిగి వెళ్లిన సెలవులూ చూశాను, టీవీ ముందు, ఫోన్ల ముందు కరిగిపోయిన సెలవులూ చూశాను. తేడా ఎక్కడ వస్తుందో ఇన్నేళ్లలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

1. ముందు ఇంట్లో ఆడవాళ్లకు సెలవు ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కొడుకులు, అల్లుళ్లు, మనవలు దిగారంటే తల్లికి, కోడలికి రోజూ ఉండే పని నాలుగింతలవుతుంది. అందరూ నడుం వాల్చి ఒక్కరే పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే దాన్ని పండుగ అనడానికి నాకు నోరు రాదు. ఆగస్టు 15 సెలవుకు మక్కకంకులు లేతగా దొరుకుతాయి. మా ఇంట్లో మక్క గారెల పని అందరిదీ. మనవలు అరుగు మీద కూర్చుని పొట్టు ఒలుస్తారు. గోరుతో గిచ్చితే పాలు కారే గింజలు ఒకవైపు, ముదిరినవి కాల్చుకోవడానికి ఇంకోవైపు. అల్లుడు పచ్చిమిరపకాయలు, అల్లం, జీలకర్ర వేసి మిక్సీ పడతాడు. మరీ మెత్తగా కాకూడదు, గింజ పంటికి తగలాలి. ఉల్లిగడ్డ, కొత్తిమీర తరిగే పని పెద్ద కొడుకుది. మా ఇంటావిడ కుర్చీలో కూర్చుని మొదటి వాయి తింటుంది. ఉప్పు సరిపోయిందో లేదో ఆమే చెప్పాలి.

బర్రెలకు మాత్రం సెలవు ఉండదు. రెండు పూటలా పాలు పిండాలి, గడ్డి వేయాలి. వచ్చినవాళ్లు ఒక పూటైనా ఆ పని అందుకోవాలి.

2. ముందురోజు రాత్రికే ఇంటికి చేరండి.

2025లో ఆగస్టు 15 శుక్రవారం, మర్నాడు కృష్ణాష్టమి, ఆపై ఆదివారం. వరసగా మూడు రోజులు కలిసొచ్చాయి. గురువారం రాత్రే వచ్చినవాళ్లు పొద్దున్నే జెండా దగ్గర నిలబడ్డారు. ఎండెక్కాక వచ్చినవాళ్లకు ఒక పూట పోయింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆడబిడ్డలు పుట్టింటికి రావడానికి ఖర్చు చూసుకోవాల్సిన అవసరం తగ్గింది. రమ్మని పిలవండి.

3. ఎవరింటికి ఎవరూ రాలేదో చూడండి.

ప్రతి వాడకట్టులో అలాంటి ఇల్లు ఒకటుంటుంది. పిల్లలు దూరదేశంలో ఉంటారు, లేదా అసలు లేరు. సెలవు రోజున మన ఇంటి సందడి ఆ గోడ దాటి వాళ్లకు వినిపిస్తూనే ఉంటుంది. గిన్నెలో కూర పంపడం ఒక ఎత్తు, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తినడం ఒక ఎత్తు. ఫోన్‌లో చెబితే ముసలివాళ్లు మొహమాటపడతారు. మనవణ్ని పంపండి. "అవ్వా, నాయనమ్మ నిన్ను రమ్మంది" అని వాడు చేయి పట్టుకుంటే కాదనే మనిషిని నేను చూడలేదు.

4. ఊరి పని చిన్నదే పెట్టుకోండి, అదే పూట ముగించండి.

ఆగస్టు 15 మన రంగారెడ్డి జిల్లా పుట్టినరోజు కూడా. 1978లో అదే తేదీన హైదరాబాద్ జిల్లా నుంచి విడిపోయింది. జెండా ఎగరేశాక బడి ఆవరణ శుభ్రం చేయడమో, నాలుగు చెట్లు నాటడమో చేస్తే ఆ రోజుకు అందం. 2019లో మొదలైన పల్లె ప్రగతితో పంచాయతీలకు నర్సరీలు, ట్రాక్టర్లు, నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి కాబట్టి మొక్కలు కొనే పని ఉండదు.

నాటడం తేలికే, బతికించడమే కష్టం. గుంత మోకాలి లోతు తవ్వాలి. పైమట్టి విడిగా పెట్టి, దానికి పశువుల ఎరువు కలిపి అడుగున వేయాలి. ప్లాస్టిక్ సంచిని లాగితే వేర్ల చుట్టూ ఉన్న మట్టి విడిపోతుంది, బ్లేడుతో నిలువుగా కోయాలి. రోడ్డు పక్కన కానుగ నాటండి, మేకలు దాన్ని అంతగా ముట్టవు. అయినా చుట్టూ తుమ్మకంప కట్టాల్సిందే. ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం, మార్చి నుంచి జూన్ దాకా ఏ చెట్టుకు ఏ ఇంటివాళ్లు నీళ్లు పోస్తారో ఆ పూటే రాసుకోవాలి. రాసుకోకుండా వంద నాటేకంటే రాసుకుని పది నాటడం మేలు. ఫోటోలు తర్వాత దిగొచ్చు.

5. సెలవు రోజుల్లో శిబిరం పెడితే రక్తదానానికి భయపడకండి.

18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. తీవ్రమైన థలసీమియా ఉన్న పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. ఆ పిల్లల అవసరం సెలవులని ఆగదు.

6. పిల్లలకు మన చోట్లు చూపించండి.

ఒక సాయంత్రం ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన చెరువని, ఊరికి ఆ పేరు ఆయనదేనని చెప్పండి. ఏళ్ల తరబడి నిండని ఆ చెరువు 2022లో అలుగు పారింది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వొద్దు. కార్తీకంలో వస్తే దగ్గర్లోనే ఆరుట్ల బుగ్గ జాతర ఉండనే ఉంది.

7. ఒక మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోకండి.

వేపచెట్టు కింద మంచం వేసుకుని మాట్లాడుకోండి. పొలం సంగతులు, అప్పుల సంగతులు, పెళ్లిళ్ల సంగతులు అప్పుడే బయటికొస్తాయి.

ఈ ఏడు, అంటే 2026లో, ఆగస్టు 15 శనివారం. ఆదివారంతో కలిపి ఉన్నవి రెండు రోజులే కాబట్టి శుక్రవారం సాయంత్రమే బయల్దేరండి. మొక్కల కోసం పంచాయతీలో వారం ముందే అడిగి పెట్టుకోండి. వచ్చేటప్పుడు రెండు పారలు, ఒక గడ్డపార తెండి, ఊళ్లో ఉన్నవి అందరికీ సరిపోవు.