ఇంటి ఇనుము - తుప్పు - పూత

సంక్రాంతి వస్తోందంటే గోడలకు సున్నం, తలుపులకు రంగు, గేటుకు ఒక చెయ్యి ఎనామిల్ పడటం మన ఇళ్లలో మామూలే. మాది విశాఖలో సముద్రపు గాలి నేరుగా తగిలే ఇల్లు. మేడమెట్ల రెయిలింగుకు మా నాన్నగారు ప్రతి ఏడూ ఆకుపచ్చ రంగు వేయించేవారు. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉండేది. ఒకనాడు మా నాయనమ్మ మెట్లు దిగుతూ ఊతకు పట్టుకున్న కమ్మీ అడుగునుంచి ఊడి చేతికి వచ్చేసింది. అదృష్టం బాగుండి ఆవిడ మెట్టుమీదే కూలబడింది, దెబ్బ తగల్లేదు. ఆ కమ్మీని తీసి చూస్తే పైన ఏడెనిమిది పొరల రంగు చెక్కు కట్టి ఉంది. లోపల ఇనుము పెన్సిలంత కూడా మిగల్లేదు. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తోమకుండా కళాయి వేసినట్టుందిరా" అంది.

లోహశాస్త్ర గ్రంథాలు పేజీలకొద్దీ చెప్పే విషయం ఆ ఒక్క మాటలో ఉంది. పూత ఎంతకాలం నిలుస్తుందన్నది డబ్బా ధర కంటే ఎక్కువగా, ఆ పూత కింద మనం ఏమి వదిలేశామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. గేటు గానీ, కిటికీ ఊచలు గానీ, నీళ్ల మోటారు స్టాండు గానీ, ఏదైనా సరే, కొంచెం ఓపిక ఉంటే పదికాలాలు నిలిచే పూత మన చేతులతోనే వేసుకోవచ్చు. ఎలాగో, ఎందుకో చూద్దాం.

కళాయి చెప్పే పాఠం

ఇత్తడి గిన్నెలో చారు కాస్తే పులుపుకు లోహం కొద్దికొద్దిగా కరిగి కిలుమెక్కుతుంది. అందుకే లోపల తగరం పూత పూయించేవారు. కళాయి వేసే మనిషి తగరం జోలికి పోకముందే గిన్నెను ఇసుకతోనూ పులుపుతోనూ శుభ్రంగా తోముతాడు. తర్వాత కొలిమి మీద కాల్చి నవాసాగరం పొడి చల్లుతాడు. గుప్పున తెల్లని పొగ లేస్తుంది. నవాసాగరం అంటే అమోనియం క్లోరైడు. వేడికి అది విడిపోయి, పుట్టిన ఆమ్లం గిన్నెమీద కంటికి కనిపించని ఆక్సైడు పొరను కూడా తినేస్తుంది. అప్పుడు తగరం కమ్మీ ఆనిస్తే 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగి, దూదితో తుడవగానే అద్దంలా పరుచుకుంటుంది. జిడ్డు మిగిలిన చోట మాత్రం పూసలుగా ముడుచుకుపోతుందే తప్ప పట్టదు. ఇంటి గేటు రంగుకైనా, ఓడ అడుగు రంగుకైనా సూత్రం ఇదే: పూత లోహాన్ని పట్టుకోవాలి గానీ మురికిని పట్టుకుంటే లాభం లేదు.

తుప్పు ఎలా పడుతుంది?

మూడు పరీక్షనాళికల్లో మూడు మేకులు వేస్తే, గాలీ నీరూ రెండూ ఉన్నదానిలోనే తుప్పు పడుతుందని బడిలో అందరం చదువుకున్నాం. ఐతే అది సగం కథే. తుప్పుపట్టే ఇనుము నిజానికి ఒక చిన్న బ్యాటరీ. ఇనుపరేకు మీద ఉప్పునీటి బొట్టు పడిందనుకోండి. బొట్టు అంచుల దగ్గర ఆక్సిజను బాగా అందుతుంది, నడిమధ్య అంతగా అందదు. ఆ నడుమనున్న ఇనుము అయానులుగా కరుగుతూ ఎలక్ట్రానులను వదులుతుంది. అది ఆనోడు. ఆ ఎలక్ట్రానులు లోహం గుండా అంచుకు పోయి, అక్కడి నీటితోనూ ఆక్సిజనుతోనూ కలిసి హైడ్రాక్సైడు అయానులను పుట్టిస్తాయి. అది కాథోడు. ఈ రెండు రకాల అయానులూ కలుసుకునే చోట తుప్పు పేరుకుంటుంది. అంటే ఇనుము తినేసేది ఒకచోట, తుప్పు కనిపించేది మరోచోట!

ఉప్పు ఈ బ్యాటరీలో కరెంటును తేలిగ్గా పారనిస్తుంది. పైగా గాలిలోని తేమను తానే పీల్చుకుంటుంది గనుక వాన లేకపోయినా ఇనుము చెమ్మగానే ఉంటుంది. విశాఖలోనూ బందరులోనూ ఊచలు తొందరగా పోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పైన రంగు ఉంటే ఉబ్బిస్తుంది, సిమెంటు ఉంటే పగలగొడుతుంది. స్పంజిలా తడినీ ఉప్పునూ పట్టి ఉంచుతుంది కూడా. దానిమీద రంగు వేయడమంటే తడిగుడ్డను ఇనుముకు చుట్టి పైన మూట కట్టడమే. మా రెయిలింగుకు ఏడేళ్లపాటు మేము చేసిన సేవ అదన్నమాట!

పూత చేసే పని

పూతలు ఇనుమును మూడు విధాలుగా కాపాడతాయి. మొదటిది అడ్డుగోడలా నిలవడం. ఎనామిల్, ఎపాక్సీ ఈ జాతివి. ఏ రంగుపొరైనా నీటినీ ఆక్సిజనునూ పూర్తిగా ఆపలేదు, ఆలస్యం మాత్రమే చేస్తుంది. అందుకే మందం ముఖ్యం. బ్రష్షుతో ఒక చెయ్యి ఎనామిల్ వేస్తే ఆరాక మిగిలేది సుమారు 25, 30 మైక్రానులు, అనగా తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. నాలుగు పొరలు పడితే గానీ వంద మైక్రానులు దాటదు.

రెండవది తుప్పు చర్యను అణచడం. ఇది ప్రైమరు పని. మనకు బాగా తెలిసిన రెడ్ ఆక్సైడులోని ఎరుపు ఐరన్ ఆక్సైడే, తుప్పుకు దగ్గర చుట్టమే! అది గోడకు ఇటుక లాంటిది మాత్రమే. మందులా పనిచేసేది దానిలో కలిపే జింక్ ఫాస్ఫేటు వంటి పదార్థం. కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట ఉందేమో చూసుకోవాలి.

మూడవది ఒక లోహం మరో లోహం కోసం బలికావడం. యుద్ధనౌకల అడుగున తాపడం చేసిన రాగిని ఇనుము, జింకు ముక్కలు తగిలించి కాపాడవచ్చునని 1824లో హంఫ్రీ డేవీ చూపించాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. జి.ఐ. గొట్టం మీద గీత పడినా వెంటనే తుప్పు పట్టదు. పక్కనున్న జింకు తాను ముందు కరుగుతుంది. తగరం పూసిన ఇనుప డబ్బా సంగతి దీనికి తలకిందులు. గీత పడిందా, తగరాన్ని కాపాడుతూ ఇనుమే కరిగిపోతుంది.

రంగుకు ముందు

ముందుగా చిన్న సుత్తితో ప్రతి కమ్మీని అడుగునుంచి పైదాకా తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. బోలుగా పలికినా, పెచ్చులు రాలినా ఆ కమ్మీని కోయించి కొత్తది వెల్డింగు చేయించాల్సిందే. పోయిన ఇనుమును ఏ పూతా తిరిగి తేలేదు. చెయ్యి ఆనించే రెయిలింగు విషయంలో దీనికి మినహాయింపు లేదు.

తర్వాత కడగాలి. సబ్బునీళ్లతో జిడ్డు, మంచినీళ్లతో ఉప్పు వదిలించి బాగా ఆరబెట్టాలి. చాలామంది కడగకుండానే రుద్దుతారు. అలా చేస్తే ఉప్పు, జిడ్డు ఇంకా గుంటల్లోకి దిగిపోతాయి. ఆ తర్వాత గీకుడు కత్తితో పెచ్చులు, వైర్ బ్రష్షుతో తుప్పు తీసి, 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 120 నంబరుతో ముగించాలి. అద్దంలా చేయనక్కర్లేదు, రంగు పట్టుకోవడానికి కాస్త గరుకు ఉండాలి. గట్టిగా ఉన్న పాత రంగును పూర్తిగా తీయక్కర్లేదు, దాని అంచులను వాలుగా రుద్దితే చాలు. కొత్త ఇనుముతోనూ జాగ్రత్తే. దాని మీద ఉండే నల్లటి పొలుసు రంగుతో సహా తర్వాత ఊడుతుంది. షాపులో ఆ పొలుసు మీదే పల్చగా రెడ్ ఆక్సైడు కొట్టి ఇస్తే మళ్లీ తీయక తప్పదు.

గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారికామ్లం గల మందు వాడవచ్చు. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఢిల్లీలో సుమారు 1600 ఏళ్లుగా నిలిచిన ఇనుప స్తంభాన్ని కాపాడుతున్నదీ, ఆ ఇనుములోని భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేటు పొరే. మరో రకం మందుల్లో టానిన్ ఉంటుంది. తుప్పు మీద పూయగానే నీలినలుపుకు తిరుగుతుంది. కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన గుడ్డమీద, తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన కసిమి గీస్తే నలుపు తేలుతుంది చూశారా, రెండింటిలోనూ జరిగే రసాయన చర్య ఒకటే. ఐతే ఏ మందైనా వదులు తుప్పును తీశాకే. తొడుగులు వేసుకుని, డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి.

రంగు వేసే తీరు

శుభ్రం చేసిన ఇనుమును రాత్రికి వదిలేయకండి. మా ఊళ్లో ఐతే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మంచు ఆరిన తర్వాత మొదలుపెట్టి, చెమ్మ దిగకముందే ఆపాలి. గాలిలో తేమ 85 శాతం మించిన రోజున బ్రష్షు ముట్టుకోవద్దు. మిట్టమధ్యాహ్నం కాలే ఇనుము మీదా వద్దు.

మొదట అంచులు, మూలలు, వెల్డింగు అతుకులు మాత్రమే ప్రైమరుతో ఒక చెయ్యి వేయండి. తడిరంగు పదునైన అంచునుంచి వెనక్కి లాక్కుంటుంది గనుక తుప్పు ముందు మొదలయ్యేది అక్కడే. మరీ పదునుగా ఉంటే ఆకురాయితో గుండ్రం చేయాలి. తర్వాత మొత్తానికి రెండు చేతులు ప్రైమరు, రెండు చేతులు ఎనామిల్. ఒకేసారి దట్టంగా వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ప్రతి పొరకూ మధ్య డబ్బా మీద చెప్పినంత సేపు ఆగాలి. కమ్మీ సిమెంటులో దిగే చోట నీరు నిలవకుండా చుట్టూ వాలు చేయాలి. మా ఇంట్లో కమ్మీ తెగింది సరిగ్గా అక్కడే.

ఎక్కువ మన్నిక కావాలంటే ఎపాక్సీ ప్రైమరు మంచిది. రెండు డబ్బాలు చెప్పిన పాళ్లలో కలిపి, గడువులోగా వాడేయాలి. ఎండకు ఎపాక్సీ సుద్దలా రాలుతుంది గనుక ఆరుబయట దానిమీద మరో పూత తప్పదు. పౌడర్ కోటింగు ఇంట్లో అయ్యే పని కాదు. దాన్ని 180, 200 డిగ్రీల కొలిమిలో కాల్చాలి.

జి.ఐ. గొట్టాలకు నేరుగా ఎనామిల్ వేయకూడదు. రంగులోని నూనెతో జింకు కలిసి సబ్బులాంటి పొర ఏర్పడుతుంది, కొన్నాళ్లకు రంగు అట్టలు అట్టలుగా లేచిపోతుంది. దానికి ఎచ్ ప్రైమరు వేరే ఉంది.

కొన్ని హెచ్చరికలు

ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి. అంతకుముందటి రంగుల్లో, ముఖ్యంగా పాత సిందూరపు రంగు ప్రైమరులో, సీసం ఉండవచ్చు. అందుచేత పాత రంగును పొడిగా రుద్దవద్దు, మంటతో కాల్చవద్దు. నీళ్లు తడుపుతూ రుద్ది, పొట్టును గోనె మీదో పాత పేపర్ల మీదో పట్టి మూటకట్టాలి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. పసుపుపచ్చని జింక్ క్రోమేటు ప్రైమరు క్యాన్సర్ కారకం. దాని జోలికి పోవద్దు. రెండు డబ్బాల పాలీయూరితేను రంగును ఇంటి దగ్గర స్ప్రే చేయడం ఊపిరితిత్తులకు ప్రమాదం. అవిసె నూనె, ఎనామిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

చివరగా

పని మొదలుపెట్టే ముందు ఒక పాత ఇనుపముక్క మీద ఇదే వరుసలో పూత వేసి వారం రోజులు ఆరనివ్వండి. బ్లేడుతో నిలువు అడ్డం గీతలు గీసి, టేపు గట్టిగా అంటించి లాగండి. గళ్లు ఊడి వస్తే శుభ్రం చాలలేదన్న మాట.

మా రెయిలింగుకు పోయిన కమ్మీలు మార్పించి, మళ్లీ పని చేసినప్పుడు గీకడానికి, కడగడానికి, రుద్దడానికి నాలుగు రోజులు పట్టింది. రంగుకు పట్టింది రెండు రోజులే. నాలుగు వానాకాలాలు గడిచాయి. ఒక్క అతుకు దగ్గర ఎర్రచుక్క కనిపిస్తే అంతమేరకు గీకి మళ్లీ పూశాం. నాయనమ్మ ఇప్పటికీ మెట్లు దిగేముందు కమ్మీని ఒకసారి ఊపి చూస్తుంది. ఏ పరీక్షకైనా అంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి మెట్ల రెయిలింగునూ ఒకసారి అలా ఊపి చూడండి.