పాత ట్రాక్టర్లో ‘షటిల్ ఉంది’ అంటే ఏ షటిలో అడగండి

గూళ్ల డబ్బు చేతికొచ్చింది, సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ చూస్తున్నాం, ‘షటిల్ ఉంది’ అంటున్నారు, తీసుకోవచ్చా అని ఈమధ్య మనవాళ్లు అడుగుతున్నారు. షటిల్ ఒకటే రకం కాదు. అది తెలియక మేం ఒకసారి దెబ్బతిన్నాం, అందుకే ఈ పాఠం.

మామూలు ట్రాక్టర్లో రివర్సు కూడా మెయిన్ గేరు లివర్లోనే ఉంటుంది. ముందుకు 8 గేర్లుంటే వెనక్కు 2. షటిల్ బండికి దిశ మార్చడానికి వేరే లివర్ ఉంటుంది, ఎక్కువగా స్టీరింగ్ పక్కన. గేరు అలాగే ఉంచి ఆ లివర్ ఒక్కటే మారిస్తే చాలు. అందుకే చాలా బండ్లలో ముందుకు 12, వెనక్కు 12 అని లెక్క సమానంగా ఉంటుంది. గేరు లివర్ సీటు పక్కనుంటే దాన్నే షటిల్ అనుకోకండి, అది సైడ్ షిఫ్ట్. అమ్మేవాళ్లు కొందరు రెండూ కలిపేసి చెబుతారు.

జోడు సాళ్ల మల్బరీలో 5 అడుగుల సందులోకి మినీ ట్రాక్టర్ దింపుతాం కదా, గట్టు దగ్గర తిప్పుకోను నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ పోవాలి. అక్కడ షటిల్ సుఖమే. లోడర్‌తో ఎరువు ఎత్తేవాళ్లకైతే ఇంకా. దున్నకానికి, ఆకు ట్రాలీకి మాత్రమే అయితే మామూలు గేర్ బాక్స్ చాలు, ఎక్కువ డబ్బు పెట్టొద్దంటాం.

ఇక రకాలు. సింక్రో లేని షటిల్లో బండి పూర్తిగా ఆగాకే లివర్ మార్చాలి, లేకుంటే పళ్లు అరుగుతాయి. సింక్రో షటిల్లో క్లచ్ తొక్కాలి, బండి దాదాపు ఆగాలి. లోపలి రింగులు రెండు వైపుల వేగాన్ని కలుపుతాయి కాబట్టి శబ్దం లేకుండా పడుతుంది. పవర్ షటిల్లో దిశ మార్చడానికి క్లచ్ తొక్కే పనే లేదు, ఆయిల్ ఒత్తిడితో లోపలి క్లచ్ ప్లేట్లు పట్టుకుంటాయి. హాయిగా ఉంటుంది గానీ చెడితే రిపేరు చాలా ఖరీదు.

మేం కొన్నది సింక్రో షటిల్. చూసేటప్పుడే రివర్సుకు కరకరమంది. ‘క్లచ్ అడ్జస్ట్ చేస్తే పోతుందన్నా’ అన్నాడు అమ్మినతను. నమ్మేశాం. క్లచ్ సరిచేసినా శబ్దం పోలేదు, విప్పితే సింక్రో రింగులు అరిగిపోయి ఉన్నాయి. అప్పుడు పురుగులు ఐదో దశలో ఉన్నాయి, అవి ఆకు ఎంత తింటాయో మీకు చెప్పక్కర్లేదు. బండి మెకానిక్ దగ్గర, ఆకు కట్టలు మా తలమీద.

తేడా పట్టడం కష్టం కాదు. బండి నిలబెట్టి, ఇంజను ఐడిల్లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి లివర్ వేయండి. అప్పుడూ కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. నిలబడ్డప్పుడు శుభ్రంగా పడి, బండి కొంచెం కదులుతున్నప్పుడు మాత్రమే అరిస్తే అనుమానం సింక్రో మీదే. మాకు ఇలాగే చేసింది, అప్పుడు అర్థం కాలేదు అంతే.

పవర్ షటిల్ అయితే పది నిమిషాలు తిప్పి ఇచ్చేయకండి. కనీసం ఒక గంట పనిచేయించి, ఆయిల్ బాగా వేడెక్కాక బరువుతో ఏటవాలు ఎక్కించండి. ఇంజను అరుస్తూ బండి కదలకపోతే ప్లేట్లు జారుతున్నట్టు. ఏ రకమైనా సరే, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లివర్ దానంతటదే న్యూట్రల్‌కు ఎగిరిపోతోందా చూడండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. నల్లగా మాడు వాసనొస్తే ఆ బండి వదిలేయండి.

చూడబోయేటప్పుడు మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. బయానా మాత్రం పరీక్ష అయ్యాకే.