రొమ్ము క్యాన్సరు – రకాలు, నయమయ్యే అవకాశాలు



రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, "నొప్పి లేదు కదా" అని చాలామంది ఆడవాళ్ళు ఊరుకుంటారు. సిగ్గుపడి భర్తకు కూడా చెప్పరు. రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరు (రాచపుండు) కావు. కాని క్యాన్సరు గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. కాబట్టి నొప్పి లేదని ధీమాగా ఉండకూడదు.

ముక్క పరీక్ష ఎందుకు?

గడ్డ ఏ రకమో చేత్తో తడిమి చెప్పలేము. డాక్టరుగారు సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్ష చేయిస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందనే భయం వద్దు. పరీక్షలో తేలే ముఖ్యమైన రకాలు ఇవి:

1. పాలగొట్టాల లోపలే ఉన్నది: గొట్టం గోడ ఇంకా దాటలేదు. ఇప్పుడే వైద్యం చేయిస్తే దాదాపు అందరికీ నయమవుతుంది.

2. గొట్టం గోడ దాటినది: గోడ దాటిన క్యాన్సర్లలో నూటికి 70కి పైగా ఈ రకమే. చంకలోని బిళ్ళలకు పాకకముందే పట్టుకుంటే బాగా నయమవుతుంది.

3. పాలు ఊరే గ్రంథుల్లో పుట్టినది: ఇది తక్కువమందికి వస్తుంది. గడ్డ తెలియకుండా రొమ్ములో ఒకచోట దళసరిగా అనిపించవచ్చు.

4. జిగురు పదార్థం ఉండే రకం: అరుదు. నెమ్మదిగా పెరుగుతుంది. నయమయ్యే అవకాశం ఎక్కువ.

ఇవి గాక, పైకి కనిపించే లక్షణాలనుబట్టి గుర్తించే వాపు రకం ఒకటుంది. రొమ్ము ఎర్రబడి, వాచి, చర్మం నారింజ తొక్కలా అవుతుంది. ఇది త్వరగా పాకుతుంది. పాలిచ్చే తల్లులు పాలు గడ్డకట్టాయని పొరబడతారు. మందులు వాడినా వాపు తగ్గకపోతే ఆలస్యం చేయక పెద్దాసుపత్రిలో చూపించాలి.

రకం ఒక్కటే చాలదు

గడ్డ ఎంత పెద్దది, ఎంత దూరం పాకింది, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయి అన్నవి కూడా డాక్టరుగారు చూస్తారు. కొన్ని క్యాన్సర్లు స్త్రీ హార్మోన్ల బలంతో పెరుగుతాయి. వాటిని అణచే మాత్రలు ఉన్నాయి. రొమ్ము క్యాన్సరు ఉన్న స్త్రీ గర్భం రాకుండా హార్మోను మాత్రలుగాని ఇంజక్షన్లుగాని వాడకూడదు. కాపర్-టి, నిరోధ్ వాడవచ్చు.

మీరు చేయవలసింది

గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం – ఏది కనిపించినా ఆరోగ్య కేంద్రానికి రండి. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు ఏమీ లేకపోయినా నర్సమ్మగారిచేత పరీక్ష చేయించుకోవాలి.

భర్తలకు ఒక మాట: "కోతలు అయ్యాక చూద్దాం" అనకండి. ఆమె వెంట మీరే రండి.

గడ్డను దాచకండి – ప్రాణం కాపాడుకోండి!