బజర్ మోగిన మర్నాడు

బాస్కెట్‌బాల్ కోచ్‌గా నా వయసంతా పిల్లల మధ్యే గడిచింది. జోర్డాన్ గురించీ కోబీ గురించీ వాళ్లే నాకు చెబుతారు. నేను వాళ్లకు చెప్పేది వ్లాడే దివాట్స్ గురించి. సెర్బియాలో లిమ్ నది ఒడ్డున ప్రియెపోల్యె అనే చిన్న ఊళ్లో 1968లో పుట్టాడు. ఏడడుగులు దాటిన మనిషి. ఎన్‌బీఏలో పదహారు సీజన్లు ఆడినా చాంపియన్‌షిప్ ఉంగరం ఒక్కటీ దక్కలేదు. ఆల్‌స్టార్ మ్యాచ్‌కు పిలుపు ఒకే ఒక్కసారి వచ్చింది. అయినా 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. ఆటగాడు ఎలాంటివాడో తెలియాలంటే ఓడిన మర్నాడు ఏం చేశాడో చూడాలని నా నమ్మకం. దివాట్స్‌కు అలాంటి మర్నాళ్లు చాలా వచ్చాయి.

1. చేజారిన మ్యాచ్‌ని మోసుకుంటూనే మళ్లీ కోర్టులోకి దిగాలి.

1986, మాడ్రిడ్. ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో సోవియట్ యూనియన్ మీద దివాట్స్ జట్టు యుగోస్లావియా తొమ్మిది పాయింట్ల ముందుంది. ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. సోవియట్లు వరసగా మూడు పాయింట్ల షాట్లు వేశారు. ఆ గడబిడలో బంతి పద్దెనిమిదేళ్ల దివాట్స్ చేతికొచ్చింది. డబుల్ డ్రిబుల్ చేశాడు, బంతి పోయింది. స్కోరు సమమైంది, ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింట్ తేడాతో ఓడారు. దేశమంతా చూసిన తప్పు అది. ఆ వయసులో చాలామంది అక్కడే ముడుచుకుపోతారు, నేను కళ్లారా చూశాను. ఇతను ఆ ఏడాదే బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ క్లబ్బులో చేరాడు. 1987లో ఆ క్లబ్బు దేశ చాంపియన్ అయింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం, 1989లో యూరప్ స్వర్ణం వచ్చాయి. తప్పు చేసిన పిల్లవాణ్ణి తర్వాతి మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టే కోచ్‌లకు నేను మొదట చెప్పే కథ ఇదే.

2. భాష రాని చోట పాస్ ఇవ్వండి.

1989లో లాస్ ఏంజలెస్ లేకర్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో 26వ ఎంపికగా తీసుకుంది. కరీమ్ అబ్దుల్ జబ్బార్ అప్పుడే రిటైరయ్యాడు. అంతటివాడి చోట నిలబడాల్సినవాడికి ఇంగ్లిష్ సరిగా రాదు. అయితే బంతి ఎక్కడికి వెళ్లాలో తెలుసు. అంత ఎత్తు మనిషి పోస్ట్‌లో నిలబడి గార్డులా పాస్ ఇవ్వడం ఆ రోజుల్లో అమెరికాలో అరుదు. పక్కన మ్యాజిక్ జాన్సన్ ఉండటం కూడా కలిసొచ్చింది. పొడుగు పిల్లల్ని రింగు కింద స్తంభంలా నిలబెట్టొద్దని, వాళ్లకూ డ్రిబ్లింగ్, పాసింగ్ నేర్పమని నేను పట్టుబట్టేది ఇందుకే.

3. ఎవరి కోసం మిమ్మల్ని వదులుకున్నారన్నది మనసులో పెట్టుకోవద్దు.

1996లో లేకర్స్ అతన్ని షార్లెట్ జట్టుకు ఇచ్చేసి, అప్పుడే డ్రాఫ్ట్‌లో ఎంపికైన కోబీ బ్రయంట్ అనే పదిహేడేళ్ల కుర్రాణ్ణి తెచ్చుకుంది. షకీల్ ఓనీల్‌కు జీతం సర్దడానికి కూడా ఆ ఖాళీ కావాల్సి వచ్చింది. దివాట్స్ మొదట రిటైరవుతానన్నాడు. ఆ కోపం సహజమే. తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఆ సీజన్‌లోనే షార్లెట్ 54 మ్యాచ్‌లు గెలిచింది. 1999లో శాక్రమెంటో చేరాడు. క్రిస్ వెబర్, పేజా స్టోయకోవిచ్‌లతో కలిసి అక్కడ ఆడిన ఆటలో బంతి ఒకరి చేతిలో నిలిచేది కాదు. అతని ఆటలో అందమైన రోజులు అవే. అదే ఏడాది మార్చి నుంచి జూన్ దాకా సొంత దేశం మీద నాటో బాంబులు పడుతుంటే అతనూ స్టోయకోవిచ్ అమెరికాలో మ్యాచ్‌లు ఆడారు. ఇంట్లో చిన్న కలత ఉంటేనే మన పిల్లల కాళ్లు కదలవు. ఆ నెలల్లో వాళ్లు ఎలా ఆడారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

4. మాట్లాడాల్సిన మాటను వాయిదా వేయొద్దు.

ఇది చెప్పేటప్పుడు మాత్రం పిల్లల్ని కూర్చోబెడతాను. దివాట్స్ సెర్బు. ద్రాజెన్ పెత్రోవిచ్ క్రొయేషియావాడు. అప్పుడు ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే జట్టు. 1989లో ఒకే వేసవిలో ఇద్దరూ అమెరికా వెళ్లారు. పెత్రోవిచ్‌ను పోర్ట్‌లాండ్ జట్టు ఎక్కువగా బెంచీకే పరిమితం చేసింది. ఆ ఒంటరితనంలో అతనికి ఊరట దివాట్స్‌తో ఫోన్లో మాట్లాడుకోవడమే.

1990 ఆగస్టులో బ్యూనస్ ఎయిరిస్‌లో ఇద్దరూ కలిసి ప్రపంచ చాంపియన్లయ్యారు. ఈసారి ఫైనల్లో ఓడింది సోవియట్ యూనియన్. ఆ సంబరంలో ఒక అభిమాని క్రొయేషియా జెండాతో కోర్టులోకి వచ్చాడు. దివాట్స్ ఆ జెండా లాగేసుకున్నాడు. ఇది యుగోస్లావియా గెలుపు, ఇక్కడ ఇంకే జెండా వద్దన్నది తన ఉద్దేశమని అతను తర్వాత చెప్పుకొచ్చాడు. కానీ క్రొయేషియాలో అప్పటికే మనసులు రగులుతున్నాయి. ఏడాది తిరక్కుండా యుద్ధం వచ్చింది. అక్కడివాళ్ల కంటికి దివాట్స్ శత్రువయ్యాడు. పెత్రోవిచ్ మాటలు ఆపేశాడు.

ఆ తర్వాత కూడా ఇద్దరూ ఒకే లీగ్‌లో ఉన్నారు. ఎదురెదురు జట్లలో ఒకే కోర్టులో నిలబడ్డారు. కొన్ని అడుగుల దూరం. అయినా ఆ స్నేహం మళ్లీ అతుక్కోలేదు. 1993 జూన్ 7న జర్మనీలో కారు ప్రమాదంలో పెత్రోవిచ్ చనిపోయాడు. అప్పటికి అతని వయసు ఇరవై ఎనిమిది.

2010లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ కోసం దివాట్స్ జాగ్రెబ్ వెళ్లాడు. వీధుల్లో జనం గుర్తుపట్టి చూస్తుంటే నడిచాడు. పెత్రోవిచ్ తల్లినీ అన్ననూ కలిశాడు, సమాధి దగ్గరికి వెళ్లాడు. ఆ దృశ్యాలు చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. తప్పెవరిదని పిల్లలు అడుగుతారు. జెండా సంగతిలో ఎవరి బాధ వాళ్లకు నిజమే, అంత పెద్ద చరిత్రను ఇద్దరు కుర్రాళ్ల మీద మోపలేం. నా బాధ ఆ మూడేళ్ల గురించే. సెలక్షన్ దగ్గరో, ఊళ్ల పట్టింపుల దగ్గరో మా జట్టులో ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే, వాళ్లిద్దరినీ ఒక పక్కన కూర్చోబెట్టి, మాట కలిసేదాకా ప్రాక్టీసు మొదలుపెట్టను. అది నా మొండితనం అనుకున్నా సరే.

5. సరైన నిర్ణయం కూడా ఒక్కోసారి ఓడిస్తుంది.

2002 మే 26, లేకర్స్‌తో సిరీస్‌లో నాలుగో మ్యాచ్. శాక్రమెంటో రెండు పాయింట్ల ముందుంది. కోబీ షాట్ తప్పింది, షకీల్ వేసిందీ తప్పింది. టైమ్ అయిపోతోంది. దివాట్స్ బంతిని రింగు నుంచి దూరంగా తట్టాడు. అది నేరుగా వెళ్లి రాబర్ట్ హోరీ చేతిలో పడింది. బజర్ మోగేలోగా మూడు పాయింట్లు, 100–99. దీన్ని ఇప్పటికీ దివాట్స్ తప్పని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రింగు కింద అన్ని చేతుల మధ్య బంతిని రెండు చేతులా పట్టే వీలు లేనప్పుడు, అదీ చివరి క్షణాల్లో, దూరంగా తట్టడమే పద్ధతి. మా పిల్లలకు ఇప్పటికీ అదే నేర్పుతాను. ఆ సిరీస్ ఏడు మ్యాచ్‌ల దాకా వెళ్లి చేజారింది. నాలుగు నెలలు తిరక్కుండా ఇండియానాపొలిస్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అతని దేశ జట్టు క్వార్టర్‌ఫైనల్లో అమెరికాను వాళ్ల గడ్డ మీదే 81–78తో ఓడించింది. ఫైనల్లో అర్జెంటీనాను ఓవర్‌టైమ్‌లో గెలిచింది. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్లు.

6. మెచ్చినవాడి లోపాన్ని దాచొద్దు.

ఒంటి మీద చెయ్యి పడగానే కావాలని వెనక్కి పడిపోయి ఫౌల్ రాబట్టడంలో దివాట్స్ పేరు మోశాడు. దాన్ని తెలివి అనేవాళ్లున్నారు. నా కోర్టులో మాత్రం అది కుదరదు.

7. ఆడిన చెయ్యి, జట్టును ఎంచే కన్ను ఒకటి కావు.

2015లో శాక్రమెంటో జట్టు నిర్మాణ బాధ్యత అతని చేతికి వచ్చింది. 2018 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక అవకాశం వాళ్లదే. తర్వాత పెద్ద స్టార్ అయిన స్లోవేనియా కుర్రాడు లూకా డాన్చిచ్ అందుబాటులో ఉన్నాడు. దివాట్స్ మార్విన్ బ్యాగ్లీని ఎంచుకున్నాడు. పాస్ విలువ తెలిసినవాడు, డాన్చిచ్ పుట్టిన నేలకు దగ్గరివాడు ఎలా వదిలాడో అర్థం కాదు. 2020లో ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. బాగా ఆడినంత మాత్రాన కోచింగూ సెలక్షనూ వాటంతట అవే వస్తాయని అనుకునే నా పాత శిష్యులకు ఇది చెబుతుంటాను. వేరే చదువు అది, మొదటినుంచీ నేర్చుకోవాలి.

8. ఆట అయ్యాక కూడా చేతులకు పని ఉంటుంది.

2005లో ఆట మానేసి, 2007లో భార్య అనాతో కలిసి ఒక ఫౌండేషన్ పెట్టాడు. తొంభైల యుద్ధాల్లో ఇళ్లు పోయి, సెర్బియాలోని శరణార్థి శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన కుటుంబాలకు ఇళ్లు సమకూర్చడం వాళ్లు ఎత్తుకున్న పని. ఆ శిబిరాల్లో క్రొయేషియా నుంచి వచ్చినవాళ్లున్నారు, బోస్నియా నుంచి, కొసోవో నుంచి వచ్చినవాళ్లున్నారు.