నీళ్లు చెప్పిన జవాబు

నవీపేట్ చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. జలవిద్యుత్తు పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలతో నీటితో తిరిగే చక్రం చేయించేవాణ్ణి. కొత్తగా కొలువులో చేరి, రేపోమాపో అదే పాఠం చెప్పబోయే మీకోసం ఈ నాలుగు మాటలు.

1. పిల్లల చేతికి తెలిసిన వస్తువుతోనే మొదలుపెట్టాలి.

మొదట్లో నేను హైదరాబాద్‌లో కొన్న నమూనా ఒకటి బల్లమీద పెట్టి, ముట్టుకోవద్దని చెప్పేవాణ్ణి. పిల్లలు బొమ్మ గీసుకుని మార్కులు తెచ్చుకున్నారు. ఒకరోజు వెనక బెంచీ పిల్లవాడు జొన్నబెండుకు బద్దలు గుచ్చి, కుళాయి కింద చక్రం తిప్పి చూపించాడు. చిన్నప్పటి నుంచి జొన్నబెండ్లతో ఎడ్లబండ్లు చేసిన చేతులవి. అలాంటి చేతులను పదేళ్లు కట్టేసి కూర్చోబెట్టాను.

2. నీళ్లెన్ని ఉన్నా ఎత్తు లేనిదే బలం రాదు.

ఇది లెక్కగా చెప్పకుండా పిల్లలను నేరుగా కాలువకు తీసుకెళ్లాను. నీళ్లు నిండుగా ఉన్నా చక్రం బద్ధకంగా కదిలింది. పైగా పాకుడు గట్టున ఒక పిల్లవాడు జారాడు. పక్కవాడు చొక్కా పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో! ఇన్నేళ్లయినా ఆ తలపుకు నిద్ర పట్టదు. తర్వాత బడి మేడమీద డ్రమ్ము పెట్టించాను. సెకనుకు లీటరు చొప్పున మూడు మీటర్ల నుంచి పడే నీటిలో సుమారు 30 వాట్ల శక్తి ఉంటుంది. అందులో చాలా భాగం చిందిపోయినా, 3 వాట్ల సైకిల్ డైనమోకు సరిపోతుంది. ఎత్తు ఖరీదేమిటో చూపాలంటే మన కోస్లి చాలు. అక్కడ అలీసాగర్ ఎత్తిపోతల మోటార్లు గోదావరి నీటిని పైకి ఎక్కించడానికి కరెంటు తింటాయి.

3. ఆగిన టర్బైన్ కూడా పాఠమే.

ఒక ఎండాకాలం పిల్లలను నిజాంసాగర్ తీసుకెళ్లాను. మంజీరపై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు దగ్గర 10 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. మేం వెళ్లిన రోజు కాలువకు నీళ్లు వదలక అది తిరగడం లేదు. ముందుగా కనుక్కోని తప్పు నాది. తిరుగుదారిలో బస్సులో ప్రయాణం దండగైందని పైకే అనేశాను. "అంటే మా పొలాలకు నీళ్లిడిస్తేనే కరెంటా సార్?" అని ఒకడు అడిగాడు. నేను విసుగ్గా తలూపి ఊరుకున్నాను. వాడు అసలు విషయాన్ని పట్టుకున్నాడు. పోచంపాడు ప్రాజెక్టులోనూ కాకతీయ కాలువకు వెళ్లే నీళ్లే టర్బైన్లను తిప్పుతాయి. వరికీ చెరుకుకూ తడి అందే రోజుల్లోనే ఇక్కడ వెలుగు పుడుతుంది.

4. తెలియదనడం సారుకు చిన్నతనం కాదు.

చెరుకు కొట్టే కుటుంబం నుంచి వచ్చిన పిల్ల ఒకామె ఉండేది. పదో తరగతి. సైకిల్ చక్రానికి డబ్బా రేకు రెక్కలు బిగించి, టైరుకు డైనమో ఆనించింది. బల్బు వెలగగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం వైరు పీకి, మళ్లీ తగిలించి, "వైరు పెడితే చక్రం బరువైతుంది, ఎందుకు సార్?" అంది. "ఇరుసు రాసుకుంటోంది, నూనె వెయ్" అన్నాను. వేసింది. వైరు తీస్తే తేలిక, పెడితే బరువు. నావైపు ఒకసారి చూసి, ఇక అడగలేదు. చెరుకు కొట్టే సీజన్ అయిపోగానే వాళ్లు ఊరు వదిలి వెళ్లారు.

లెంజ్ సూత్రం పరీక్షలో తప్పులేకుండా రాసినవాణ్ణే, చేతికి బరువుగా తగిలితే గుర్తుపట్టలేకపోయాను. వైరు తగిలిస్తేనే డైనమో చుట్టలో కరెంటు పారుతుంది. ఆ కరెంటుకు పుట్టే అయస్కాంత బలం చక్రం తిరగడాన్నే అడ్డుకుంటుంది. ఆ అడ్డును తోసుకుంటూ నీళ్లు చేసే పనే బల్బులో వెలుగవుతుంది. ఈ మూడు వాక్యాలు ఆమెకు చెప్పాల్సినవి.

ఆ తర్వాత ఏ పిల్ల చక్రం చేసినా, బల్బు వెలగడం చూశాక వైరు ఆ పిల్ల చేతికే ఇచ్చి, తీసి ఒకసారి, పెట్టి ఒకసారి తిప్పి చూడమనేవాణ్ణి.