అక్రిలిక్ వంపులో బుడగలెందుకు?

ప్రశ్న: మొబైల్ స్టాండ్ కోసం 3 మి.మీ. అక్రిలిక్ షీటును గ్యాస్ పొయ్యి మీద వేడిచేసి వంచాను. వంపు దగ్గర బుడగలొచ్చాయి. ఎందుకండీ?

జవాబు: వేడి మితిమీరినా, షీటు తేమ పీల్చుకుని ఉన్నా బుడగలొస్తాయి. అక్రిలిక్ సుమారు 150-160 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా వంగుతుంది. మంట మీద మాత్రం పెట్టకండి, అంటుకుంటుంది. హీట్ గన్ వాడండి. ముందు రెండువైపులా రక్షణ పొర తీసేయండి. వంపు గీత వెంట గన్‌ను ఆపకుండా కదుపుతూ, షీటును తిప్పి రెండువైపులా వేడిచేయండి. బలవంతపెట్టకుండానే వంగేంత మెత్తబడ్డాక చెక్క అంచుకు ఆనించి వంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోండి. తొందరపడి నీళ్లు పోస్తే లోపల ఒత్తిడి మిగిలిపోయి, తర్వాత పగుళ్లు రావచ్చు. వంపును స్పిరిట్‌తో తుడవకండి, సన్నని చీలికలు వస్తాయి. కిటికీలు తెరిచి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, ముందు చిన్న ముక్క మీద ప్రయత్నించండి.