సందర్శకులకు కనిపించని ఆవరణ

హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్స్‌కు నిజాం కాలంలో బాగె ఆమ్ అని పేరు. ఆ తోటలో ఒక చిన్న జంతుప్రదర్శనశాల ఉండేది. స్థలాభావం వల్ల దానికి బదులుగా బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువును ఆనుకొని, సుమారు 380 ఎకరాల విస్తీర్ణంలో నెహ్రూ జంతుప్రదర్శనశాలను నిర్మించారు. 1963 అక్టోబరు 6న దానిలోకి ప్రజలను అనుమతించారు. పాత తోట నుండి తరలివచ్చిన ప్రాణులలో ఒక గాలపాగస్ తాబేలు ఉంది. 2024 మార్చిలో అది మరణించినప్పుడు దాని వయస్సు సుమారు 125 సంవత్సరాలని అధికారులు ప్రకటించారు. ఒక జంతుప్రదర్శనశాల స్వభావం ఎంతగా మారగలదో ఆ తాబేలు జీవితకాలమే చెబుతుంది. ఇనుప చువ్వల బోనులు పోయి చుట్టూ కందకాలున్న విశాలమైన ఆవరణలు వచ్చాయి. ఆపై ప్రయోగశాలలు వచ్చాయి. చివరకు సందర్శకుని కంటికి కనిపించని చోటే అన్నిటికంటె విలువైన పని జరిగే రోజులు వచ్చాయి.

పూర్వం జంతుప్రదర్శనశాల గొప్పతనాన్ని అందులోని జాతుల సంఖ్యను బట్టి లెక్కించేవారు. ఏ జంతువు ఎంత దూరదేశం నుండి వస్తే అంత ఘనత. ఈ దృష్టి మారడానికి చట్టం కూడా తోడ్పడింది. 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998 నాటి జాతీయ జంతుప్రదర్శనశాలల విధానం వన్యప్రాణి సంరక్షణకు అండగా నిలవడమే ఈ సంస్థల ప్రధాన లక్ష్యమని పేర్కొంది. వినోదం రెండవ స్థానానికి జరిగింది. అయితే కాగితం మీది మాట ఆవరణలోని జంతువును వెంటనే కాపాడలేదు. 2000 అక్టోబరులో ఇదే జంతుప్రదర్శనశాలలో దుండగులు రాత్రివేళ ఒక ఆడపులిని దాని బోనులోనే చంపి చర్మం ఒలుచుకొనిపోయారు. అడవిలోని వేటగాని నుండి పులికి రక్షణ కల్పించవలసిన చోటికే వేటగాడు రావడం దేశాన్ని దిగ్భ్రాంతికి గురిచేసింది.

మనిషి వల్ల ముప్పు ఎప్పుడూ కత్తి పట్టుకొనే రాదు. ఊపిరి రూపంలోనూ వస్తుంది. 2021 ఏప్రిల్‌లో కొన్ని సింహాలు మేత తగ్గించి దగ్గుతూ ఉండడం సంరక్షకుల దృష్టికి వచ్చింది. వాటి ముక్కు, గొంతు నుండి సేకరించిన నమూనాలను పరీక్షించగా ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు మే మొదటి వారంలో తేలింది. మన దేశంలో జంతుప్రదర్శనశాలలోని జంతువులకు ఆ వ్యాధి నిర్ధారణ కావడం అదే ప్రథమం. అంతకు సంవత్సరం ముందు న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో ఒక పులికి సోకింది. అక్కడా, ఇక్కడా మనుషుల నుండే వ్యాధి వచ్చి ఉంటుందని నిపుణులు భావించారు. హైదరాబాదు సింహాలు కోలుకున్నాయి. చెన్నై సమీపంలోని వండలూరు జంతుప్రదర్శనశాలలో మాత్రం అదే సంవత్సరం జూన్‌లో వ్యాధి సోకిన సింహాలలో రెండు మరణించాయి. సహజావరణంలోని ఆసియా సింహం గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అక్కడ ఒక అంటువ్యాధి ప్రబలితే ఆ జాతికి మిగిలే ఆధారం ఇటువంటి జంతుప్రదర్శనశాలలలోని కొద్దిపాటి సింహాలే. వాటికి సోకిన దగ్గు కేవలం వార్త కాకపోవడానికి కారణం ఇదే.

ఈ పరీక్షలు జరిపిన సంస్థ హైదరాబాదులోనే ఉంది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి అనుబంధంగా అత్తాపూరులో నెలకొన్న ఆ ప్రయోగశాలను లాకోన్స్ అంటారు. అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ దాని కర్తవ్యం. ప్రముఖ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ దాని స్థాపనకు కృషి చేశారు. కృత్రిమ గర్భధారణ పద్ధతిలో 2006లో ఒక దుప్పి పిల్లను, 2007లో ఒక కృష్ణజింక పిల్లను అక్కడి శాస్త్రవేత్తలు పుట్టించగలిగారు. పాడిపశువుల విషయంలో ఊరూరా జరిగే పనే కదా అనిపించవచ్చు. కాని మనిషి చేయి తగిలితే బెదిరి, ఆ బెదురుతోనే ప్రాణాలు విడిచే అడవి జంతువు విషయంలో అది సులభసాధ్యం కాదు.

పెంపకం అన్ని జాతులకూ ఒకే తీరున ఫలించదు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు మాత్రమే పెడుతుంది. పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందు మృతకళేబరాల ద్వారా సోకి రాబందులు కుప్పకూలాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించవలసి వచ్చింది. అప్పటికే దేశంలో ఆ పక్షులు అత్యధిక భాగం నశించాయి. హైదరాబాదులోనూ వాటి పెంపకానికి పూనుకొన్నారు గాని, ఏడాదికొక గుడ్డుతో ఒక జాతి తిరిగి నిలదొక్కుకోవాలంటే తరాలు పడుతుంది.

మూషిక జింక కథ వేరు. పేరులో జింక ఉన్నా అది నిజమైన జింక జాతికి చెందదు. ఎత్తు ఒక అడుగు, బరువు సుమారు మూడు కిలోలు. కొమ్ములు లేవు. మగదానికి పై దవడ నుండి చిన్న కోరలు దిగివస్తాయి. ఆవు, గేదె వలె నాలుగు గదుల జీర్ణాశయం కాక దీనికి మూడే ఉంటాయి. నెమరువేసే జంతువుల అతి ప్రాచీన రూపం ఎలా ఉండేదో దీనిని చూసి ఊహించుకోవచ్చునని జీవశాస్త్రజ్ఞులు అంటారు. పగలంతా పొదలలో, చెట్ల తొర్రలలో నక్కి, రాత్రివేళ రాలిన పండ్లు ఏరుకొని తింటుంది. మాంసం కోసం వేటాడడం వల్ల, అడవి తరిగిపోవడం వల్ల అనేక ప్రాంతాలలో కనుమరుగైంది.

2010లో అటవీశాఖ, లాకోన్స్ కలిసి నెహ్రూ జంతుప్రదర్శనశాలలో వీటి పెంపకం ప్రారంభించారు. అప్పుడున్నవి రెండు మగవి, నాలుగు ఆడవి. గర్భధారణ కాలం సుమారు ఐదు నెలలే కావడం, ఈనిన కొద్ది గంటలకే ఆడది తిరిగి జతకట్టగలగడం ఈ జాతికి ప్రకృతి ప్రసాదించిన వరం. కొద్ది సంవత్సరాలలోనే ఆరు కాస్తా రెండు వందలు దాటాయి. వీటిని ఉంచిన ఆవరణ సందర్శకుల దారికి దూరంగా ఉంటుంది. పిల్లలు గుమిగూడి కేకలు వేసే చోట ఈ పిరికి ప్రాణి నిలవదు. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మనిషికి అలవాటు పడిన జంతువు అడవికి పనికిరాదు.

ఆ అడవి హైదరాబాదుకు దక్షిణాన, తెలంగాణ నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2017లో తొలి విడతగా ఎనిమిది మూషిక జింకలను అక్కడికి చేర్చారు. నేరుగా వదిలిపెట్టలేదు. ముందుగా అడవిలోనే కంచె వేసిన ఆవరణలో ఉంచారు. గిన్నెలో పెట్టిన మేతకు బదులు నేల మీద పండు వెదకడం, నక్క వాసనకు పొదలో దూరడం, తొర్రను ఇల్లు చేసుకోవడం తరతరాలుగా బోనులో పుట్టిన వాటికి ఎవరూ నేర్పలేరు. రక్తంలో మిగిలి ఉన్నదానిని అవి తామే వెలికితీసుకోవాలి. అందుకు కావలసిన వ్యవధి ఇవ్వడమే ఆ కంచె ఉద్దేశం. వదిలిన జంతువు బ్రతికినంత మాత్రాన పని పూర్తయినట్లు శాస్త్రజ్ఞులు భావించరు. అడవిలో దానికి పిల్ల పుట్టాలి, ఆ పిల్లకు మరొక పిల్ల పుట్టాలి. రాత్రివేళ తిరిగే అంత చిన్న ప్రాణిని గమనించాలంటే చెట్లకు కట్టిన కెమెరాలే దిక్కు.